చావాల్సినప్పుడు చావని ఇంజన్

పాత క్లచ్ ప్లేట్లను గరుకు కాగితం మీద రుద్ది, అదే బండికి మళ్లీ బిగించి, కొత్తవి వేశామని నాకు చెప్పారు. తెలియక చెప్పిన మాట కాదు, తెలిసి చెప్పిన మాట. ఆ తర్వాత సరిగ్గా తొమ్మిదో రోజున నా తమ్ముడి కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది.

తమ్ముడిది పాల వ్యాపారం. కిషన్‌బాగ్‌లో మా నాయన కట్టిన బర్రెల కొట్టం వాడి చేతికి వచ్చింది. నాకు ఆ పేడవాసన పడక, మీసాలు రాకముందే కంచన్‌బాగ్‌లో లోహాల కార్ఖానాకు కూలీగా పోయాను. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. మిగతా చదువంతా మిషన్లతో పాటు పెట్టెల్లో వచ్చే పుస్తకాల్లోదే. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుంటూ, బొమ్మలు చూస్తూ, కనబడ్డ ఇంజనీరునల్లా విసిగిస్తూ నేర్చుకున్నాను. చివరికి రేకులు సాగదీసే పెద్ద మిషన్‌ను నడిపే పనిలో ఉండి రిటైరయ్యాను. పుస్తకంలో లేని సంగతి ఒకటి అక్కడే తెలిసింది. మిషన్ చెడిపోయే ముందు దాని చప్పుడు మారుతుంది. రోజూ దాని పక్కన నిలబడేవాడు ఆ మార్పుకు అలవాటుపడిపోతాడు, వాడికి వినబడదు. పక్క షెడ్డులోంచి ఏ పనిమీదో వచ్చినవాడికి చటుక్కున వినబడుతుంది. తమ్ముడి మోటార్‌సైకిల్‌కు పక్క షెడ్డువాణ్ణి నేను. నా ఇల్లు కొట్టం వెనక సందులోనే.

పాలవాడు బండిని వాడే పద్ధతి వేరు, అది ముందు చెప్పాలి. వెనక రెండు పక్కలా రెండు పెద్ద క్యాన్లు వేలాడుతుంటాయి. ఇంటి ముందు ఆగినప్పుడు బండి దిగడు, ఇంజన్ ఆపడు, గేరు కూడా తీయడు. మొదటి గేరులోనే ఉంచి ఎడమచేతి రెండు వేళ్లతో క్లచ్ లివర్ పట్టుకుంటాడు. కుడిచేత్తో మూత తీసి, కొలతతో ముంచి, గుమ్మంలోంచి చాచిన గిన్నెలో పోస్తాడు. మూత మూసేలోపు ఎడమ వేళ్లు వదులవుతాయి, బండి పక్కింటికి జరుగుతుంది. అరవై ఇళ్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మా దగ్గరి పాలవాళ్లందరిదీ ఇదే తీరు, ఇందులో వాళ్లకొక గర్వం కూడా.

రెండు వేళ్లతో అంతసేపు పట్టుకోవాలంటే లివర్ తేలిగ్గా అందాలి. అందుకని క్లచ్ తీగను బిగువుగా లాగి పెట్టుకుంటారు. అసలు లివర్ మొదట్లో రూపాయి బిళ్ల దూరేంత సందు ఉండాలి. ఆ సందు ఉంటేనే లోపలి ప్లేట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, ఇంజన్ బలం చక్రానికి అందుతుంది. సందు లేకపోతే చెయ్యి వదిలేసినా ప్లేట్లు సగం పట్టులోనే ఉండి జారుతుంటాయి. జారితే వేడి, వేడెక్కితే అరుగుదల. ఈ సంగతి వాడికి ఎన్నిసార్లు చెప్పానో.

"తమ్మీ, తీగ వదులు చెయ్యిరా. లివర్ల సందే లేదు."

"సందు పెడితే నాలుగు వేళ్లు పెట్టి గుంజాలె అన్నా. అరవై ఇండ్లు. నీ వేళ్లు కిరాయికిస్తవా?"

పక్కనున్న పాలవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

నిరుటి వానాకాలంలో ఒక పొద్దున, నేను గచ్చు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. మా సందు చివర చిన్న ఎత్తు ఉంది, మోరీ కాలువ మీద వేసిన బండల వల్ల వచ్చింది. తమ్ముడు నిండు క్యాన్లతో ఆ ఎత్తు ఎక్కుతున్నాడు. పదకొండేళ్లుగా వింటున్న చప్పుడు అది. ఆ రోజు చప్పుడు ముందు పోయింది, బండి వెనక పోయింది. ఇంజన్ గొంతు పైకి లేచింది కానీ చక్రం దాని మాట వినలేదు. ఒక్క క్షణమే. తర్వాత పట్టు దొరికి బండి ఎక్కేసింది. నోట్లో పుల్ల అలాగే పెట్టుకుని చాలాసేపు ఆ సందు వైపే చూస్తూ ఉండిపోయాను.

వాడు తిరిగి వచ్చాక చెప్పాను.

"క్లచ్ జారుతుంది. ప్లేట్లు మార్పియ్యి."

"నువ్వు ఈడ కూసొని ఆడి ప్లేట్లు సూసినవా? కార్ఖానోళ్లు నిన్ను రిటైర్ చేసిర్రు గని నీ చెవులను మర్సిపోయిర్రే."

నాలుగు రోజులకు మరదలు వచ్చింది. తమ్ముడి భార్య. కొట్టం పనంతా ఆమెదే. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

"బావా, పాలల్ల మాడువాసనొస్తుందని మూడిండ్లోళ్లు అన్నరంట. నేను పాలు కాగబెట్టనే పెట్టను, పిండినయి పిండినట్టె పంపిస్త. మాడుడెట్ల?"

ఆమె రెండు రోజులు క్యాన్లను బూడిద పెట్టి, సబ్బు పెట్టి, వేన్నీళ్లు పోసి తోమింది. దాణాలో గానుగచెక్క పాడైందేమోనని ఆ సంచీ అంతా పారబోసింది. ఒక బర్రెకు జ్వరమేమోనని దాని చెవులు పట్టుకుని చూసింది. ఇంటి ముందు గిన్నె చాచిన మనిషికి ముక్కు కింద పాలు కనబడతాయి, మాడువాసన పాలదే అనుకుంటుంది. ఆ గిన్నెకు మూరెడు దూరంలో కాగుతున్న ఇంజన్‌ను ఎవరు అనుమానిస్తారు? నేను వెళ్లి బండి పక్కన వంగాను. కాలిన నూనె, దానిలో కొంచెం కాలిన కాగితం లాంటి వాసన.

"అమ్మా, క్యాన్లు తోమింది చాలు. ఇది పాలది గాదు" అన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాడు నిద్రపోతుండగా మరదలిని తాళం అడిగి తీసుకున్నాను. కిక్ కొడితే కాలు ఏమీ అడ్డం లేనట్టు సర్రున కిందికి పోయింది. మూడోసారికి ఇంజన్ అందుకుంది. లివర్ మెల్లగా వదిలి చూశాను. సగంలో పట్టుకోవాల్సింది, మొత్తం వదిలేదాకా పట్టుకోలేదు. ఇక మిగిలింది ఒకే పరీక్ష. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, వెనక చక్రానికి అడ్డంగా బండరాయి పెట్టి, మూడో గేరు వేసి క్లచ్ వదిలేయాలి. క్లచ్ బాగుంటే ఇంజన్ చక్రాన్ని తిప్పలేక ఒక్కసారి కొట్టుకుని చచ్చిపోతుంది. చావాలి. చావడమే దాని ఆరోగ్యం.

లివర్ వదిలాను. ఇంజన్ కొంచెం మూలిగింది, అంతే. చావలేదు. చక్రం కదలడం లేదు, గేరులో ఉంది, కుడిచెయ్యి బ్రేకు మీద ఉంది, ఇంజన్ మాత్రం తన పాటికి తిరుగుతూనే ఉంది. కొట్టంలో బర్రెలన్నీ మేత ఆపి నా వైపు చూశాయి. నా వయసులో భయపడటానికి పెద్దగా కారణాలు దొరకవు. ఆ చావని ఇంజన్ చప్పుడుకు మాత్రం భయపడ్డాను. తమ్ముడు రోజూ పురానాపూల్ దగ్గర నది దాటి అవతలి ఇళ్లకు పోతాడు. అక్కడ వంతెన ఎక్కేచోట వెనకాల లారీలు, బస్సులు, నీళ్ల ట్యాంకర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఆ ఎత్తులో నిండు క్యాన్లతో ఉన్న బండి పట్టు వదిలితే ఏమవుతుందో ఆలోచించడానికి చదువు అక్కర్లేదు.

తాళం జేబులో వేసుకున్నాను.

వాడు లేచి వచ్చి చెయ్యి చాచాడు.

"తాళం."

"క్లచ్ మార్సినంక."

"అన్నా, మల్ల గదే లొల్లి పెట్టకు. సాయంత్రం పాలున్నయి."

మళ్లీ అని ఎందుకన్నాడంటే, అంతకు రెండేళ్ల ముందు బ్రేకులు అరిగిపోయాయని నేను తాళం తీసుకుని మూడు రోజులు ఇవ్వలేదు. ఆ మూడు రోజుల్లో పన్నెండు ఇళ్లవాళ్లు ప్యాకెట్ పాలకు మారారు. తిరిగి రాలేదు. వాడు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఆ పన్నెండు గుమ్మాల ముందునుంచి పోయేటప్పుడు వాడు తల పక్కకు తిప్పడు. నేను చూశాను.

చివరికి మరదలు మధ్యలో నిలబడింది. రేపు పొద్దుటి పాలకు, సాయంత్రం పాలకు మధ్య బండిని రిపేరు మిస్త్రీకి ఇవ్వాలి, మార్పించాలి. వాడు తల మీద చెయ్యి పెట్టుకుని ఒప్పుకున్నాడు. తాళం ఇచ్చేశాను.

నేను వెంట వెళ్లాల్సింది. ఆ మరునాడే నా కంటి శుక్లం ఆపరేషన్. రెండు నెలల కింద ఇచ్చిన తేదీ. సాయంత్రం కంటి మీద కట్టుతో ఇంటికి వచ్చాను. పది రోజులు వంగొద్దు, బరువు ఎత్తొద్దు, దుమ్ములోకి పోవద్దు అన్నారు. అయినా మర్నాడు కట్టు తీసేసరికి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గోడ పట్టుకుంటూ మిస్త్రీ షాపుకు పోయాను. కిషన్‌బాగ్ మలుపులో ఆయనది పాత షాపు. నాకంటే పదిహేనేళ్లు చిన్న, పనితనం గల మనిషి. పాలవాళ్ల బండ్లన్నీ ఆయన ముందే నిలబడేవి.

"భాయ్, ప్లేట్లు మార్సినవా?"

"మార్సిన చాచా. కొత్తయి ఏసిన. ఫికర్ మత్ కరో."

"పాతయి ఏవి?"

ఒక క్షణం ఆయన చేతిలోని పానా ఆగింది. ఆ ఆగడం నాకు వినబడింది.

"తుక్కు కింద కబాడీవాలా తీస్కపోయిండు."

మా కార్ఖానాలో ఒక నియమం ఉండేది. ఏ భాగం మార్చినా పాత భాగాన్ని బల్ల మీద పెట్టి చూపించాలి. చూపించనిది మార్చనట్టే లెక్క. ముప్ఫై ఏళ్లకు పైగా నేను పాటించిన నియమం, ఎదుటివాళ్లతో పోట్లాడి మరీ పాటింపజేసిన నియమం. ఆ రోజు కంట్లో నీళ్లు కారుతున్నాయి, ఎండ గుచ్చుతోంది. సరేలే అనుకున్నాను. ఇంటికి వచ్చాక చెవి పెట్టి విన్నాను. సాయంత్రం బండి మోరీ ఎత్తు ఎక్కింది. చప్పుడూ బండీ కలిసే వెళ్లాయి. నా మనసు కుదుటపడింది.

రుద్దిన ప్లేటు కొన్నాళ్లు పట్టుకుంటుంది. గాజులా నున్నబడిన పైపొర లేచి, కింద గరుకు దొరుకుతుంది. ఆ గరుకు ఉన్నంతకాలం కొత్తదానికంటే బాగా పట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. ఆ తొమ్మిది రోజులూ గుర్తు రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున. వాన రాత్రే వెలిసింది. మంచం మీద వెల్లకిలా పడుకుని కంట్లో చుక్కలు వేసుకుంటున్నాను. బండి సందులోకి తిరిగింది. మోరీ బండల దగ్గర చప్పుడు ముందుకు పోయింది.

లేచాను. చుక్కలు చెంపల మీద కారుతున్నాయి. చెప్పులు లేకుండా గుమ్మం దాటి అరిచాను. "ఆగురా! ఒరేయ్, ఆగు!" వాడి తలమీద హెల్మెట్, రెండు పక్కలా క్యాన్ల గలగల. ఎత్తు మీద బండి ఒక్కసారి తడబడింది, ఇంజన్ ఏడ్చినట్టు అరిచింది, మళ్లీ పట్టు దొరికింది. మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. ఫోన్ చేశాను. మరదలు కొట్టంలోంచి బయటికి వచ్చింది, వాడి ఫోన్ ఆమె కొంగు ముడిలో మోగుతోంది. ఆ రోజు ఇంట్లో మరిచిపోయాడు.

"ఏమైంది బావా?"

"ఏం కాలె. వస్తడు లే" అన్నాను.

ఆమె వెళ్లి మళ్లీ పేడ ఎత్తసాగింది. నేను సందు మొదట్లో దిమ్మె మీద కూర్చున్నాను. ఎనిమిదిన్నరకల్లా వాడు తిరిగి రావాలి. ప్రతి బండి చప్పుడునూ వడకట్టి విన్నాను. ఎనిమిదిన్నర అయింది. తొమ్మిది అయింది. కొట్టంలో దూడ ఒకటి అరుస్తూనే ఉంది. దాన్ని ఎవరూ అదలించలేదు. అప్పటికే మరదలు కూడా వచ్చి నా పక్కన నిలబడింది, చేతులు కడుక్కోకుండానే. తొమ్మిదింబావుకు ఆమె ఫోన్ మోగింది. ఆమె తీయలేదు, నాకు ఇచ్చింది.

వంతెన ఎక్కేచోట బండి పట్టు వదిలేసింది. ఇంజన్ ఎంత అరిచినా ముందుకు కదలలేదట. నిండు క్యాన్ల బరువుకు వెనక్కి జారింది. వాడు కుడికాలు ఆనించి ఆపబోయాడు. వెనక నీళ్ల ట్యాంకరు. డ్రైవరు బ్రేకు కొట్టాడు, వానరోడ్డు మీద అది రెండు గజాలు జారింది. క్యాన్‌కూ, ట్యాంకరుకూ మధ్య కాలు. చూసినవాళ్లు చెప్పిందేమిటంటే, మనిషి కింద పడ్డాక కూడా ఇంజన్ ఆగలేదు. పాలల్లో పడుకుని తిరుగుతూనే ఉందట.

ప్రాణం దక్కింది. కాలిలో ఇనుప కడ్డీలు వేశారు. ఇక కిక్ కొట్టే కాలు కాదు అని డాక్టరు చెప్పాడు. మూడు బర్రెలు అమ్మారు. మిగిలినవాటి పాలు మరదలి తమ్ముడు ఆటోలో తీసుకుపోతున్నాడు.

వంగొచ్చని కంటి డాక్టరు చెప్పిన రోజునే కొట్టంలో పడి ఉన్న బండి ముందు కూర్చున్నాను. నూనె వంచాను. నల్లగా, మాడిన పప్పు చారులా ఉంది. మూత విప్పి ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గోనెపట్టా మీద పరిచాను. వాటి మధ్య ఉండే ఉక్కు రేకులు నీలం తిరిగాయి. ఉక్కు ఎంత కాగితే ఆ నీలం వస్తుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, నా బతుకంతా ఆ రంగు పక్కనే గడిచింది. పట్టు ప్లేట్లు అరిగి పలచబడ్డాయి. వాటి మీద అడ్డంగా సన్నటి గీతలు. తిరిగే ప్లేటు మీద గీతలు పడితే గుండ్రంగా పడతాయి. ఇవి అడ్డంగా, చేతితో ఇటూ అటూ రుద్దిన గీతలు. గరుకు కాగితం గీతలు.

వాటిని పేపర్లో చుట్టుకుని షాపుకు పోయాను. మిస్త్రీ ముందు బల్ల మీద పరిచాను. నలుగురు నిలబడి ఉన్నారు.

"ఇయ్యేనా కొత్తయి?"

ఆయన ప్లేట్లు చూశాడు. నన్ను చూడలేదు.

"చాయ్ తాగుతవా చాచా."

"నా తమ్మునికి కాలు లేకుంట చేసి చాయ్ తాగమంటవా?"

నేను అరిచాను. నా నోటికి వచ్చినదంతా అన్నాను. ఆయన పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. మళ్లీ వారం పోయాను. ఆ పై వారమూ. ప్రతిసారీ అదే ప్రశ్న, ఆయన చేతిలో తుడుస్తున్న అవే పానాలు. పాలవాళ్లందరికీ ప్లేట్లు చూపించాను. గీతల మీద వేలు పెట్టి చదివించాను. ఒక్కొక్కరే ఆ షాపు మానుకున్నారు. ఆయన షాపు ముందు చోటు ఖాళీ అవుతూ రావడం నేను చూశాను, చూసి సంతోషించాను కూడా. రాయాల్సిన మాట కాబట్టి రాస్తున్నాను.

ఒక సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. తమ్ముడు ఆసుపత్రిలో ఉండగా ఆ మిస్త్రీ మూడుసార్లు వచ్చాడట, సేబుపండ్ల సంచీ పట్టుకుని. ఇద్దరూ మాట్లాడుకున్నారట. తప్పు చేసినవాడు అలా వస్తాడా? వచ్చినా, కాలు విరిగినవాడు రానిస్తాడా? తమ్ముణ్ణి అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. నొప్పేమో అనుకున్నాను.

పోయిన నెలలో మళ్లీ షాపుకు వెళ్లాను. ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను నోరు తెరవకముందే లేచి నిలబడ్డాడు. అంత అలసిపోయిన ముఖం నేను ఆయనది ఎన్నడూ చూడలేదు.

"బస్ చాచా. నేను మాటిచ్చిన, నా నోట రాదు. అబద్ధం ఆడింది నేనే, ఒప్పుకుంటున్న. ఎందుకాడిన్నో నీ ఇంట్ల అడుగు."

ఆ ప్లేట్లు అలాగే పట్టుకుని కొట్టానికి వచ్చాను. తమ్ముడు నులక మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. ఎదురుగా నాలుగు బర్రెలు, మూడు ఖాళీ గుంజలు. పేపరు విప్పి ప్లేట్లు వాడి ఒళ్లో పెట్టాను.

"మిస్త్రీ నిన్ను అడగమన్నడు. ఏం అడగాల్నో నాకు తెల్వది. నువ్వే చెప్పు."

వాడు ఒక ప్లేటు తీసి ఆ గీతల మీద బొటనవేలు నడిపాడు. మరదలు పిండుతున్న చెంబు చప్పుడు ఆగింది. వాడు నా వైపు చూడకుండా, బర్రెల వైపు చూస్తూ చెప్పాడు.

"రుద్దుమన్నది నేనే అన్నా. సామాను రెండు దినాలకు గని రాదన్నడు. బండి ఆపితే తాళం నీ జేబుల వడ్తది, మల్ల పన్నెండిండ్లు పోతయి. రుద్ది ఏసెయ్యి భాయ్, మా అన్నకు కొత్తయని చెప్పు, రెండు దినాలల్ల సామానొస్తె మారుస్తమని ఆని చేతులు పట్టుకున్న. సామానొచ్చింది. రేపు, ఎల్లుండని నేనే పోలె. క్లచ్ పోయిందని నీకు ఎరుకనే, నాకూ ఎరుకనే. బర్లకు ఎరుకనా? తెల్లారంగనే పాలిస్తయి."